ఆదివారం ఆటల గంట

"ఆ అమ్మాయికి మైకు ఎవరిచ్చారండీ? కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది! గోలు పడిందని చెప్పమంటే గోల పెడుతుందేంటి?"

ఊరంతా రేడియో వింటుండగా ఫోనులో ఆ పెద్దమనిషి ముక్కుతో మాట్లాడుతూ దులిపేశాడు. కార్యక్రమం నడుపుతున్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతులో తేనె పోసుకుని "ధన్యవాదాలండీ" అంది. ప్రతి ఆదివారం ఇదే వరస. జనం మెచ్చి ఫోన్లు చేసినన్నాళ్లే ఈ కార్యక్రమం ఉంటుందని మేనేజరు ముందే తేల్చి చెప్పాడు. నిన్న మళ్లీ పిలిచి, "నువ్వంటే వినేవాళ్లకి పడదా ఏంటమ్మా?" అని అడిగాడు కూడా.

ఇక ఊరుకోదలచుకోలేదు. కార్యక్రమం అవగానే ఫోన్లు కలిపే అతని దగ్గరికి వెళ్లి నంబరు చూపించమంది. చూస్తే ఏముంది, కాలేజీలో తనకు పరుగు నేర్పిన కోచ్ నంబరది!

అటునుంచి అటే వెళ్లి ఆయన తలుపు దబదబా బాదింది.

"ఏంటమ్మా, తలుపు ఊడదీస్తావా?" అంటూ తీశాడాయన.

"ఊడితే ఊడనివ్వండి! నా పొట్ట కొడుతున్నది మీరా మాస్టారూ? మోకాలు పోయి నేను ఏడుస్తుంటే, కాళ్లు పోతే ఏం, గొంతుంది, రేడియోకి పో అన్నది మీరు కాదూ?"

"నేనే."

"మరి ఈ తిట్లేంటి? తండ్రిలాంటివారు అనుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోశారు!"

ఆయన తాపీగా కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

"మీకన్నా ఆ బస్సు డ్రైవరన్న నయం. ముక్కూమొహం తెలియని మనిషి! మీరు ఫోన్ పెట్టెయ్యగానే చేసి మీకు గడ్డి పెడుతున్నాడు. అతనొక్కడూ లేకపోతే నా కార్యక్రమం ఎప్పుడో ఎత్తేసేవాళ్లు. ఆ అభిమానంలో ఆవగింజంతైనా మీకు లేకపోయిందే!"

కోచ్ నిట్టూర్చి, "ఊరికే మెచ్చుకుంటే ఎవరు నమ్ముతారమ్మా? తిట్టేవాడుంటేనే కదా వెనకేసుకొచ్చేవాడికి పని!" అంటూ బల్ల మీదున్న తన భార్య ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు బొంగురు చేశాడు.

"హలో చెల్లెమ్మా, బస్సు డ్రైవరన్నని! ఆ ముసలాడి మాటలు పట్టించుకోకు, మా బస్సు బస్సంతా నీ వైపే!"