ఒకటే జత గ్లవ్స్

"అక్కా, చేతులు పైకెత్తి నవ్వు," అన్నాడు రీసైక్లింగ్ స్టార్టప్ మేనేజరు.

చెత్తలోంచి ప్లాస్టిక్ బాటిళ్లు ఏరే ఆమె, కొత్త గ్లవ్స్ తొడుక్కుని నవ్వింది. ఫొటో తీయగానే వాటిని విప్పించి పక్కామెకిచ్చాడు. షెడ్డంతటికీ అదే జత. వాడినదాన్నే మళ్లీ మళ్లీ వాడాలన్న వీళ్ల గొప్ప సిద్ధాంతం ఇక్కడ నిజంగా అమలైంది ఆ గ్లవ్స్ మీదే!

ఫొటోలు బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటరు పద్దులోకి ఎక్కుతాయి. ఆ బాటిళ్లతో తయారైన చొక్కా కొన్నవాడు ఫోనులో ఆ ఫొటో చూసుకుని, తనవల్ల భూమి బాగుపడిందని మురిసి చస్తాడు.

మర్నాడు బాటిళ్ల కుప్పలోని సిరంజి సూది ఆమె అరచేతిలో దిగింది.

"ఇక్కడే గుచ్చుకుందని రాసివ్వు బాబూ. లేకపోతే కంపెనీ ఆసుపత్రిలో చూడరట."

"బ్లాక్‌చెయిన్‌లో నీ చేతులకి గ్లవ్స్ ఉన్నాయక్కా. అందులో ఎక్కింది దేవుడు కూడా చెరపలేడు. ఇంట్లో గుచ్చుకుని ఉంటుంది, చూసుకో."

"మా ఇంట్లో ఏమన్నా సూదులు పండిస్తున్నామా నాయనా?"

అంతలో స్టార్టప్‌లో పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి షెడ్డులోకి వచ్చాడు. ఫొటోలో చూసిన మొహాన్ని గుర్తుపట్టి, ఆప్యాయంగా ఆమె వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి సార్!" మేనేజరు ఒక్క గెంతులో అడ్డం వచ్చి, జేబులోంచి ఆ జత తీసి ఆయన చేతులకి తొడిగాడు. "ఇక్కడంతా సూదులుంటాయి సార్."

గుడ్డ చుట్టుకున్న చెయ్యిని ఆమె ఆ గ్లవ్స్ చేతిలో పెట్టింది.

"ఈ ఫొటో కూడా తీసి ఎక్కించు బాబూ. దేవుడు కూడా చెరపలేడన్నావుగా."