ఇర్యా పెట్టని సంతకం

నాలుగో నంబరు బండి పదకొండు రోజులుగా షెడ్డు దాటలేదు. దాని ముందున్న ఇనుప రెక్క మీద మంచు కరిగి తుప్పు చారలు కట్టింది.

అది ఇర్యా కోస్కెలా బండి. మా ఊరి రోడ్ల మీద మంచు నెట్టే పని పంతొమ్మిదేళ్లుగా ఆమెది.

ఆ చలికాలం టీకా తప్పనిసరి అన్నందుకు రాజధానిలో లారీలవాళ్లు వీధులు దిగ్బంధించారు. అరెస్టయినవాళ్ల కోర్టు ఖర్చులకని ఒక వెబ్‌సైట్లో చందాలు వసూలయ్యాయి. ఎవరో ఆ సైట్లోకి చొరబడి, ఇచ్చినవాళ్ల పేర్లన్నీ బయటపెట్టారు.

అందులో ఇర్యా పేరుంది.

వారం తిరక్కుండా మునిసిపల్ ఆఫీసుకి నలభై ఉత్తరాలు వచ్చాయి. ఇలాంటి మనిషికి మన పన్నులతో జీతమా అని. మేనేజర్ ఆమె దగ్గర తాళాలు తీసుకుని ఇంటికి పంపేశాడు.

నేను మా ఉద్యోగుల యూనియన్ ప్రతినిధిని. విచారణలో ఆమె పక్కన కూర్చోవలసింది నేనే.

మా అమ్మాయి జిలియన్ ఆ రాజధానిలోనే నర్సు. మూడు వారాలు ఆ లారీల హారన్ల మోతలో నిద్ర లేక, బస్సులు లేక, నడిచి డ్యూటీకి వెళ్లింది. ఒకరోజు ఆ గుంపులో ఒకడు దాని మొహం మీది మాస్కు లాగేసి నవ్వాడు.

"నాన్నా, నువ్వు వాళ్ల తరఫున మాట్లాడతావా?" అంది ఫోన్లో.

"వాళ్ల తరఫున కాదమ్మా. ఇర్యా తరఫున."

"తేడా ఏంటట?"

నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేసింది.

విచారణ రోజు మునిసిపల్ హాలు వరండాలో ఇర్యా నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఒళ్లో కాగితం పొట్లం. యాలకుల బన్నులు.

"నువ్వు చేసింది తప్పు. ముందే చెప్తున్నా," అన్నాను.

"తెలుసులే లోర్న్. నన్ను ఇంటికి పంపేదాకా రోజూ షెడ్డులో నా చెవులు చిల్లులు పడేలా అదేగా అరిచావు. బన్ను తిను."

లోపల ముగ్గురు కౌన్సిలర్లు, మేనేజర్ విట్‌కోమ్. అతను ఒక కాగితం ఆమె వైపు జరిపాడు.

"రెండు ముక్కలే, ఇర్యా గారూ. 'తెలియక ఇచ్చాను, చింతిస్తున్నాను' అని. సంతకం పెడితే సోమవారం బండెక్కొచ్చు."

ఇర్యా కళ్లద్దాలు పెట్టుకుంది. రెండు ముక్కల్నీ రెండుసార్లు చదివింది.

"తెలియక ఇవ్వలేదండీ. మా వంటింట్లో కూర్చుని, తెలిసే ఇచ్చాను."

"అది కాదు, ఊరి పరువు..."

"ఆ నలభైమందీ ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, వాళ్ల వీధి ఒక్కరోజు వదిలేశానా? అది చెప్పండి."

విట్‌కోమ్ నా వైపు తిరిగాడు.

"మీరైనా చెప్పండి, లోర్న్. మీ అమ్మాయి పడ్డ బాధ ఊరందరికీ తెలుసు. మీరంటే వింటుంది."

అందరూ నన్నే చూస్తున్నారు. ఇర్యా మాత్రం చూడలేదు.

లేచి నిలబడ్డాను.

"మా పిల్లని ఏడిపించిన గుంపుకి ఈవిడ డబ్బిచ్చింది. నేనది మరిచిపోను. మొహం మీదే అన్నాను, రేపు మళ్లీ అంటాను. అనడానికి నాకు హక్కుంది. ఉద్యోగం తీసెయ్యడానికి మీకెక్కడిది? మొన్న ఎన్నికల్లో నేనూ ఒక పార్టీకి చందా ఇచ్చాను. అదేంటో చెబితే ఈ గదిలో ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేస్తారు. ఆ కాగితం ఇంకో కాపీ తియ్యండి. నాకూ ఇవ్వండి. నేనూ సంతకం పెట్టను."

ఎవరూ కాపీ తీయలేదు.

చేతులెత్తించారు. ఇద్దరు తీసెయ్యమన్నారు, ఒకరు వద్దన్నారు. ఇర్యా లేచి, కుర్చీని బల్ల కిందికి సర్ది, టోపీ పెట్టుకుంది.

"ముసలోడా, నీకు మతి పోయింది," అంది మెట్ల మీద.

బయట మా షెడ్డు వాళ్లు తొమ్మిదిమంది గోడ వెంట నిలబడి ఉన్నారు. పని కోట్లతోనే, ఆ చలిలో. వాళ్లలో ఆరుగురికి లారీలవాళ్ల పేరెత్తితే ఒళ్లు మంట.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె నడిచి వెళ్తుంటే ఒక్కొక్కరే టోపీ తీశారు.

ఇర్యా తల దించలేదు. నేనూ దించలేదు.

యూనియన్ కేసు వేసింది. ఎనిమిది నెలలు ఆమె సరస్సు ఒడ్డున ఒక షెడ్డులో చేపలు కోసింది. మేనేజర్ ఆ క్షమాపణ కాగితం ఇంకో రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ మడత నలగకుండా తిరిగొచ్చింది, సంతకం లేకుండా.

అక్టోబరులో తీర్పు వచ్చింది. ఉద్యోగి తన ఇంట్లో, తన సొమ్ము ఎవరికిచ్చుకున్నా ఊరికి సంబంధం లేదు, పనిలోకి తీసుకోండి అని.

మొదటి మంచు పడ్డ ఉదయం నాలుగో నంబరు బండి షెడ్డు దాటింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మళ్లీ లారీల గొడవే. ఆమె గొంతు నాకంటే పెద్దది. మిగతావాళ్లు రేడియో సౌండు పెంచేశారు.

డిసెంబరులో జిలియన్‌కి సెలవు దొరికింది. రాజధాని నుంచి ఆరు గంటల ప్రయాణం. బయల్దేరే ముందు ఫోన్ చేసింది.

"నాన్నా, అక్కడ నిన్నటి నుంచీ ఒకటే మంచు కురుస్తోందట కదా. రావచ్చా? రోడ్డెలా ఉంది?"

"ఇర్యా తీస్తోంది."

అవతల బ్యాగు జిప్పు లాగిన చప్పుడు.

"అయితే చీకటి పడేలోపు వచ్చేస్తా," అంది.