పసరు గొంతు దిగేదాకా

కంప్లి బస్టాండు మలుపులో ఒక ముసలివాడు చేతులు చాచి కారుకు అడ్డం నిలబడ్డాడు.

జాబెజ్ బ్రేకు తొక్కాడు. గని ఖనిజానికి అయిదు టిప్పర్లు తిప్పి, నిరుడే కొన్న కారు. పక్క సీట్లో భార్య కెరోలిన్. ఏడో నెల. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

వెంటనే ఆసుపత్రిలో చేర్చమని బళ్లారి డాక్టరు నిన్ననే చెప్పాడు.

"కామెర్లకు ఆసుపత్రేందప్పా? కంప్లి కోదండరామి ఆకుపసరు పోస్తే మూడో ఆదివారానికి మాయం!" అన్నారు ఇంట్లోవాళ్లు.

అందుకే చర్చి కూడా మానుకొని వచ్చారు.

ముసలివాడు కిటికీలోకి వంగాడు. "పసరుకా?"

"అవును. జరుగు."

"వద్దప్పా, బండి తిప్పు. కడుపుతో ఉండే బిడ్డకు కామెర్లొస్తే పసరుతో పోయేది కాదు. పెద్దాసుపత్రికి తీసుకపో. ఇప్పుడే పో."

"యాడ చదివినావు డాక్టరీ? ఈ బస్టాండులోనేనా?"

ముసలివాడు కెరోలిన్ వైపు తిరిగాడు. "అమ్మా, పగలంతా నిద్ర కమ్ముకొస్తాందా? మాట తడబడతాందా?"

కెరోలిన్ నోరు తెరిచింది.

జాబెజ్ అరచేత్తో ఆ నోరు మూసేశాడు. పసరు గొంతు దిగేదాకా రోగి మాట్లాడకూడదు. మాట్లాడితే మందు పనిచేయదు. తెల్లవారినప్పటి నుంచీ ఆమె ఒక్క మాటైనా అనలేదు.

"మందు చెడగొడదామనుకుంటివా, ముదనష్టపోడా!"

దిగి, అతని మెడలోని తువ్వాలు పట్టి లాగి తోసేశాడు. ముసలివాడు వెల్లకిలా పడ్డాడు. మోరీ గట్టు రాయికి తల తగిలింది.

టీ అంగడి హొన్నూరప్ప నవ్వాడు. ఆదివారం పసరు జనంతోనే అతని బేరం. "తిక్కోడు లేప్పా! వారం వారం ఇదే పని. కోదండరామి ఇల్లు ఆ సందులో. బిరీన పోండి, లైను పెద్దదైతాది."

ఆ ఇంట్లో ఒక నడివయసు మనిషి గ్లాసు అందించాడు. కెరోలిన్ గటగటా తాగింది.

"ఇంక మాట్లాడు!" అన్నాడు జాబెజ్ నవ్వుతూ.

ఆమె మాట్లాడలేదు. దారిలోనే కళ్లు తేలేసింది.

బుధవారం తల్లినీ బిడ్డనూ ఒకే పెట్టెలో పెట్టి పూడ్చారు.

గురువారం జాబెజ్ ఇనుప రాడ్డుతో ఆ ఇంటికి వచ్చాడు. గ్లాసు అందించిన మనిషి గొంతు పట్టుకున్నాడు.

"కోదండరామి నువ్వేనా?"

"నేను కొడుకునప్పా! మా చెల్లెలు కడుపుతో ఉండి, నాయన పసరు తాగే పాయె. ఆ పొద్దే ఆయన మానేసినాడు. ఇప్పుడు పోసేది నేను. పేరు మాత్రం ఆయనది."

"యాడుండాడు వాడు? ముందు వాణ్ని చంపల్ల!"

కొడుకు తల దించుకున్నాడు.

"ఆ పనైపాయెనప్పా. పోయిన ఆదివారం బస్టాండుకాడ పసరొద్దని అడ్డం పోతే, ఎవరో కారాయన తోసేసినాడంట."