సగం కుర్చీలు

ఆరు గంటలకు సోదర మండలి తలుపు మూసేస్తారు. మూశాక సభ్యుడే కాదు, వాడి నీడ కూడా లోపలికి రాకూడదు. అది పాత నియమం.

లోపల సగం కుర్చీలైనా నిండాలి. అది ఇంకో నియమం. జనం రాక ఇప్పటికే రెండు సమావేశాలు ఆగిపోయాయి. ఇవాళ్టిదీ అలాగే పోతే మండలినే ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది.

దర్జీ మెడలోని టేపు తీసి మిషను మీద పడేశాడు.

"మళ్ళీ బయల్దేరారా?" అంది భార్య, కాజాలు కుడుతూనే. "వచ్చేవాళ్ళు పిలవకుండానే వస్తారు. రాకపోతే మనకేం పోయింది?"

"మండలి పోతుంది."

"పోనివ్వండి." ఆమె సూది ఆగింది. "ఇవాళ మీరు ఇంటిపట్టున ఉంటేనే నాకు బాగుంటుంది."

అతను చెప్పులు వేసుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో అతను జ్వరంతో మంచాన పడితే, మండలివాళ్ళే వంతులు వేసుకుని తల దగ్గర కూర్చున్నారు. ఆమెకూ అది గుర్తుంది. అందుకే మళ్ళీ కాజాల మీదికి వంగింది.

పళ్ళ డాక్టరు మండలికి కార్యదర్శి. దర్జీ గుమ్మంలో కనబడగానే గబుక్కున పేషెంటు నోట్లోకి వంగిపోయాడు.

"మీరు రావడమేమిటండీ" అన్నాడు ముఖం చూడకుండా. "ఇవాళ తల తిప్పే తీరిక లేదు."

"బయట బెంచీ ఖాళీగానే ఉందిగా డాక్టరుగారూ."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరుచుకున్న పేషెంటు నవ్వలేక గుటకలు మింగాడు.

"వస్తాను. కానీ తీర్మానం నాతో చదివించకండి."

"కార్యదర్శి కాక ఇంకెవరు చదువుతారు?"

బేకరీ ఆయన పొయ్యి మీద పెట్టాడు వంక. బస్సు డ్రైవరు నడుం మీద పెట్టాడు. నిన్న సాయంత్రం మనవలతో బంతాట ఆడిన నడుమే అది. ఒక్కరూ కళ్ళలోకి చూసి మాట్లాడలేదు. దర్జీ ఎవరినీ నిష్ఠూరమాడలేదు.

"వచ్చి కూర్చోండి. మీ మనసుకు ఏది తోస్తే అది చెయ్యండి. ఇంట్లో కూర్చుని నసిగితే మండలి నడవదు" అన్నాడంతే.

ఒక్కొక్కరే లేచారు. అయినా ఇంకా ఒక కుర్చీ తక్కువ. ఆరు కావస్తోంది.

ఇక మిగిలింది బావమరిది. వడ్రంగి. దర్జీ పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి వాడు చెక్కపొట్టు మధ్య తల వంచుకుని చిత్రిక పడుతున్నాడు.

"నువ్వు రాకపోతే కుదరదురా. తీర్మానం పెట్టిందే నువ్వు."

వడ్రంగి చెయ్యి ఆగలేదు. చెక్క ఎప్పుడో నున్నబడింది.

"ఏదో కోపంలో పెట్టాను బావా. వదిలెయ్."

"ఊరంతా చెప్పుకు తిరిగినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు? మండలి ముక్కిపోతోందన్నావు. ఆ మాటేదో అక్కడికొచ్చి చెప్పు. తప్పయితే ఓడుతుంది, ఒప్పయితే నెగ్గుతుంది."

"అక్కేమంటుందో."

"అక్క సంగతి నాకొదిలెయ్. నడు."

ఇద్దరూ మెట్లెక్కేసరికి కాపలా పెద్దాయన తలుపు మూస్తున్నాడు. వడ్రంగి భుజం అడ్డుపెట్టాడు. దర్జీ వాణ్ణి లోపలికి తోసి, వెనకే దూరాడు.

గడియ పడింది. సగం కుర్చీలు నిండాయి. మండలి బతికింది.

కానీ ఎవరి ముఖంలోనూ కళ లేదు. డాక్టరు తీర్మానం చదివాడు. చివరికొచ్చేసరికి కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడాలి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. బేకరీ ఆయన గోళ్ళలోని పిండి గీక్కుంటున్నాడు. డ్రైవరు నడుం పట్టుకున్నాడు. తీర్మానం పెట్టిన వడ్రంగి సైతం కుర్చీకి అతుక్కుపోయాడు.

అప్పుడు ఒక కుర్చీ కిర్రుమంది.

ఏళ్ళ తరబడి తాను కూర్చుంటున్న అధ్యక్షుడి కుర్చీలోంచి తనను దించెయ్యాలన్న ఆ తీర్మానానికి, అందరికంటే ముందు దర్జీయే లేచి నిలబడ్డాడు.