రెండో యూనిట్ తాళం

"ఆ తాళం జోలికి మాత్రం వెళ్లకండమ్మా!"

ముసలి ఫోర్‌మన్ స్విచ్‌బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. బొగ్గుతో కరెంటు తీసే ఆ ప్లాంటు మూతపడి ఏళ్లయింది. కాపలా పేరుతో ఆయనొక్కడే మిగిలాడు. ఎక్కడ చెయ్యి వేసినా బూడిదే. రెండో యూనిట్ స్విచ్‌కి వేలాడే ఆ ఇత్తడి తాళం మాత్రం తళతళలాడుతోంది. రోజూ తుడుస్తాడు మరి!

ప్లాంటు కొన్న యువతి దాన్నే చూస్తోంది. "రేపు కూల్చేవాళ్లు వస్తారు. ఎవరిది ఇది?"

"మా బావది. చెల్లెలి మొగుడు. లోపలికి దిగే మనిషి స్విచ్ ఆపేసి తన తాళం వేసుకోవాలి. పైకొచ్చాక తనే తీయాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు, అదీ ఇక్కడి పద్ధతి. ఆ రోజు బావ బొగ్గు తొట్టిలోకి దిగాడు, పైనుంచి బొగ్గు జారింది. రెండ్రోజులు తవ్వి, మనిషి లేడు, పారిపోయాడని చేతులు దులిపేసుకున్నారు పాత యజమానులు."

"నిజంగానే వెళ్లిపోయారేమో?"

"ఛ ఛ, అవేం మాటలు! పెళ్లామంటే ప్రాణం పెట్టేవాడు. ముప్ఫై ఏళ్లయినా మా పిచ్చితల్లి ఆయన కంచం పక్కన పెట్టుకోనిదే ముద్ద ముట్టదు."

తొట్టిలో రేకు ఠంగుమని మోగింది. ఆమె ఉలిక్కిపడింది.

"గాలే లెండి," అన్నాడు గానీ ఆయనకీ ఒళ్లు జలదరించింది. "బావే పిలుస్తున్నట్టుంటుంది. కూల్చేముందు ఒక్కసారి తవ్వించండమ్మా. ఎముక ముక్క దొరికినా చాలు, చెల్లెలు ఎదురుచూడటం మానేస్తుంది. మీ కాళ్లు పట్టుకుంటాను."

"అయ్యో, వద్దు బాబాయ్!" ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. కళ్ల నిండా నీళ్లు. "ఈ ప్లాంటు కొనమన్నది మా నాన్న. కిందటి నెల పోయారు. ఆఖరికి ఇదొక్కటే కోరారు."

"ఈ బూడిదకుప్పతో ఆయనకేం పనమ్మా?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి నల్లతాడుకి కట్టిన తాళంచెవి ఒకటి తీసింది.

ఫోర్‌మన్‌కి నవ్వొచ్చింది. "ఏదిపడితే అది పట్టదు తల్లీ. దానికున్నది ఒకటే చెవి. బావ మెళ్లో వేసుకునే దిగాడు."

ఆమె దాన్ని తాళంలో దూర్చి తిప్పింది.

తాళం తెరుచుకుంది.