యెరికోకి ఒక్క పాట

రెండో చరణంలో గిటారు వినపడకుండా పోయింది.

సాల్మన్ తీగలు తెగేలా వాయిస్తూనే ఉన్నాడు. పందిట్లోకి వస్తున్నది మాత్రం అతని అక్క ఫెబా గొంతూ, వెనక డ్రమ్ముల చప్పుడూ, అంతే.

ఫెబా పాడుతూనే మైకు సెట్టు బల్ల వైపు చూసింది.

సెట్టు కట్టే యూసుఫ్ చెయ్యి ఆంప్లిఫయర్ మీదే ఉంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పాట అయ్యాక, ఇంకొల్లుకీ పర్చూరుకీ కమిటీ పెద్దయిన జక్రయ్య మైకు అందుకున్నాడు. "యెరికో గోడలు కూలినయ్యో లేదోగానీ మా చెవులు కూలినయ్. దేవునికి స్తోత్రం!"

ఇంకొల్లు సువార్త కూటాలకి వచ్చిన జనమంతా నవ్వారు.

బ్యాండుకి యెరికో అని పేరు పెట్టింది ఫెబాయే. బూరలు ఊది కేకలేస్తే కూలిపోయిన బైబిలు కోట అది. పేరు పెట్టి పదకొండేళ్లయింది. అప్పుడు కాలేజీ పిల్ల. ఇప్పుడు పర్చూరులో టీచరు, ఒక బిడ్డ తల్లి. ఊరి చివర వాడకం లేని పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాక్టీసు. ఏడాదికి ఆరేడు ఊళ్లలో, వాక్యానికి ముందు, ఒక్క పాట.

మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు దేవుణ్ని నిలదీసే పాటలు వాళ్లవి. గిటారు గర్జించకపోతే అవి నిలదీసినట్టుండవు, బతిమాలినట్టుంటాయి.

సాల్మన్ గిటారు మెడలో ఉండగానే సెట్టు బల్ల దగ్గరికి పోయాడు.

"ఏం భాయ్, మళ్లీ తగ్గించేశావే?"

"ఇంకా పెంచితే హారన్లు కాలిపోతయ్ బాబూ."

"మా పాటకే కాలతయ్యా? వాక్యం చెప్పే అయ్యగారు గంటసేపు అరిస్తే కాలవా?"

"ఆయన అరుపు వేరు, మీ అరుపు వేరు." యూసుఫ్ వైరు చుట్టుకుంటూ అన్నాడు. "పోయి భోంచెయ్యండి. పాపం ఆ అమ్మాయి గొంతు ఎండిపోయుంటది."

"నా గొంతు సంగతి మీకెందుకండీ?" అంది వెనకే వచ్చిన ఫెబా. "నాబ్ సంగతి చూడండి చాలు."

ఇంటికొచ్చేసరికి భర్త అన్నం వార్చి, కూర కూడా చేసి ఉంచాడు. కోపం లేదు ఆయన గొంతులో. అదే ఇంకా కష్టంగా ఉంది.

"పదకొండేళ్లలో ఆ ఒక్క పాటనీ రెండు చెయ్యలేకపోయారు. ఇంకెన్నాళ్లు ఫెబా?"

"మూడు వారాల్లో మనూరి కూటాలున్నయ్‌గా. ఒక్కసారన్నా మా పాట మొత్తం వినపడనియ్యండి. అప్పుడు కూడా ఎవరికీ పట్టకపోతే మానేస్తాను."

మర్నాడు బడి వదలగానే జక్రయ్య ఇంటికెళ్లింది.

"వందనాలండి పెద్దయ్యగారూ. ఈసారి పర్చూరులో సౌండు మేమే తెస్తాం. గుంటూరులో సాల్మన్ స్నేహితుడికి కొత్త బాక్సులున్నయ్. యూసుఫ్ గారు వద్దు."

జక్రయ్య కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. "ఆలోచించుకునే అంటన్నావా అమ్మాయ్?"

"పదకొండేళ్లు ఆలోచించానండి."

"సరే. నీ ఇష్టం."

పర్చూరులో గిటారు ఆఖరి కుర్చీదాకా గర్జించింది. ఎవరూ తగ్గించలేదు. వెనక వరసలో కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. ఫెబాకి తన పాట తనకే కొత్తగా వినిపించింది. స్టేజీ దిగి భర్తని చూసి, "విన్నారా?" అంది. "విన్నాను," అన్నాడాయన, నిజంగానే సంతోషంగా.

జక్రయ్య ఆ రోజు ఏ ఎగతాళీ చెయ్యలేదు. "వందనాలమ్మా," అన్నాడు. అంతే.

ఏడాది తిరిగి మళ్లీ మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులొచ్చాయి. మార్టూరు నుంచి పిలుపు రాలేదు. వేటపాలెం నుంచి రాలేదు. సాల్మన్ పంపిన వీడియోలు చూసినవాళ్లు చూశారు, జవాబిచ్చినవాళ్లు లేరు. చివరికి పర్చూరు కూటాల కరపత్రంలో కూడా యెరికో పేరు లేదు.

ఫెబా ఆ కరపత్రం పట్టుకుని జక్రయ్య ముందు నిలబడింది.

"పోయినేడు మోత ఎక్కువైందా పెద్దయ్యగారూ?"

"మీ మోత ఎప్పుడూ ఎక్కువేనమ్మా. మీ పాట మాకెప్పుడు పట్టింది గనక?"

"పట్టకపోతే పదకొండేళ్లు ఎందుకు పిలిచారండీ?"

"మేం పిలిచామా? యూసుఫ్ పిలిపించాడు." జక్రయ్య విసుగ్గా చెయ్యి విదిలించాడు. "యెరికోకి ఒక్క పాట ఇస్తేనే సెట్టు కడతా, లేదంటే ఇంకోణ్ని చూసుకోండి అని ప్రతి ఏడూ పేచీ. పత్తిచేల చివరిదాకా మాట వినపడే సెట్టు వాడిదేగా, ఒప్పుకోక చస్తామా? మోత పెరిగితే మాత్రం నేను లేచి మైకు ఆపించేవాణ్ని. నేను లేవబోతన్నానని తెలిసి వాడే కాస్త తగ్గించి, మీ పాట చివరిదాకా సాగనిచ్చేవాడు. పోయినేడు మాత్రం, మీకదే ఆఖరు గదా అని నేనే ఊరుకున్నా."

ఫెబా కరపత్రం కిందికి దించింది.

"ఎందుకయ్యా నీకీ గోల అని అడిగాను ఓసారి. 'మా ఆవిడ ఆ మిరపకాయల ఘాటుకే దగ్గి దగ్గి పోయింది. దాని తరఫున అడిగేది ఈ పిల్లలే గదా' అన్నాడు."

"ఇప్పుడెక్కడున్నారండీ ఆయన?"

"నువ్వే వద్దన్నావని చెప్పాను. సెట్టు అమ్మేసి కావలిలో కూతురి దగ్గరికి పోయాడు. పోయిన నెల్లో చచ్చిపోయాడంట."

ఫెబా వీధిలోకొచ్చి నిలబడింది. ఇంకొల్లు, మార్టూరు, వేటపాలెం, చిలకలూరిపేట, అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది.

ఆ పదకొండేళ్లలో యెరికో పాడిన ఊళ్లలో, యూసుఫ్ సెట్టు కట్టని ఊరు ఒక్కటీ లేదు.