బాగుచేసిన గేరు

“నిన్న నన్ను నాలుగో జమాత్‌లనే బడి ఇడిసిన గాడిదంటివి గద, ఉస్తాద్! లాంచీ గేరు ప్లేట్లు అరిగినయ్, బొంబాయి నుంచి రావాలంటివి. గేరు నూనెల నీళ్లు గలిసి మజ్జిగ లెక్కైంది, అంతే. కడిగి కొత్త నూనె పోసిన. ఇప్పుడు మంచిగ పోతుంది.”

యూనియన్ ఫౌజు నిజాం సరిహద్దు దాటిన మూడో రోజది. హుస్సేన్ సాగర్‌కు సికింద్రాబాదు వైపున్న మా షెడ్డులో పీర్ మహమ్మద్ ఉస్తాద్ ముఖం పాలిపోయింది.

“అవతలి ఒడ్డుకు పోయే రోడ్లమీద పహరా ఉందని నిజాం దిక్కు తుపాకులోళ్లు లాంచీ అడిగిన్రు, బేటా. అక్కడి గుడిసెలు కాలుస్తరట. ఆ నీళ్లు పోసింది నేనే.”

గట్టు మీద తుపాకులోళ్ల జీపు ఆగింది.

“నువ్వు వాళ్లను మాటల్ల వెట్టు. నేను మల్ల చెడగొడ్త. జల్ది పో, ఉస్తాద్.”